జెండా పాట ఎంత, మనకు పడిందెంత

తల్లాడ సెంటర్‌లో కిరాణా కొట్టు కాటా మీద నీ సూట్‌కేసు ఉంది. అంకె 26 దగ్గర ఆగింది. విమానంవాళ్లు ఒప్పుకునేది 23. ఖమ్మం బస్సు పది నిమిషాల్లో వచ్చేస్తుంది. మూడు కిలోలు ఇప్పుడే, ఇక్కడే తగ్గించాలి.

జిప్ తియ్. పైనే గోంగూర పచ్చడి సీసా, కవరు మీద కవరు చుట్టి ఉంది. దాని కింద స్వెట్టర్లు. అడుగున, రెండేళ్లుగా గీతలు గీసుకుంటూ చదివిన ఎకనామిక్స్ పుస్తకాలు. అమ్మ సీసా మీద చెయ్యి వేసి నిలబడింది, తియ్యనిచ్చేట్టు లేదు. నాన్న రోడ్డు వైపు చూస్తున్నాడు. పుస్తకాలే తియ్. నువ్వు పోయేచోట కొదవ లేనివి అవే. బ్రిటన్‌లో ఏ పుస్తకం అచ్చయినా ఒక ప్రతి అడిగి తీసుకునే హక్కు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీకి చట్టమే ఇచ్చింది.

ఇక్కడ రోడ్లు విడిపోతాయి. ఒకటి కల్లూరు మీదుగా సత్తుపల్లికి. ఒకటి ఏన్కూరు మీదుగా కొత్తగూడేనికి, అక్కణ్నుంచి భద్రాచలం అడవికి. నీది వైరా మీదుగా ఖమ్మం పోయేది.

"జాగ్రత్త రా. దిగంగానే ఫోన్ చెయ్," అంటుంది అమ్మ. నాన్న సూట్‌కేసు ఎక్కించి, టికెట్ డబ్బులు కూడా తనే ఇచ్చేస్తాడు.

కిటికీ పక్కన కూర్చో. ఒళ్లో ఫైలు ఉంది, ఇంకోసారి చూసుకో. పాస్‌పోర్టు. వీసా. కాలేజీ ఉత్తరం. నువ్వు పోతున్నది ఒక్క టర్మ్‌కు. అక్టోబరులో మొదలై డిసెంబరు మొదట్లో అయిపోతుంది, మొత్తం ఎనిమిది వారాలు. వాళ్లు దీన్ని మైకెల్మస్ టర్మ్ అంటారు. ఆరు నెలలు దాటని చదువు కాబట్టి స్టాండర్డ్ విజిటర్ వీసా సరిపోయింది. ఆ వీసా మీద రూపాయి సంపాదించడానికి వీల్లేదు. అక్కడ హోటల్లో గిన్నెలు కడిగైనా నెట్టుకొస్తానని నాన్నకు ధైర్యం చెప్పావు చూడు, ఆ మాట వైరా దాటేలోపు మర్చిపో.

మరి డబ్బు? అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద తెలంగాణ ప్రభుత్వం 20 లక్షల దాకా ఇస్తుంది గానీ, అది అక్కడే పీజీ పూర్తి చేసేవాళ్లకు. ఒక్క టర్మ్‌కు పోయేవాళ్లకు రాదు. ఫీజు నువ్వు చదివే యూనివర్సిటీ స్కాలర్‌షిప్‌లో పోయింది. టికెట్టు, గది అద్దె, తిండి నాన్న తెచ్చిన అప్పు మీద. పత్తి ఇంకా చేల మీదే ఉంది. కిటికీలోంచి కనిపిస్తున్నది అదే, రోడ్డుకు రెండు వైపులా.

హీత్రూలో దిగాక ఆక్స్‌ఫర్డ్‌కు రైలు వెతుక్కోనక్కర్లేదు. విమానాశ్రయంలోనే బస్సు ఎక్కితే ఊరి నడిబొడ్డున గ్లాస్టర్ గ్రీన్ బస్టాండులో దింపుతుంది. చలి మరీ అంత లేదు. తడి ఎక్కువ. కాలేజీ గేటు దగ్గర పోర్టరు నీ పేరు పలకడానికి రెండుసార్లు ప్రయత్నించి, నవ్వి, తాళంచెవి చేతిలో పెడతాడు. గది చిన్నది. కిటికీ బయట గడ్డి. దాని మీద నడవకూడదని బోర్డు.

మెయిలు తెరువు. నీ ట్యూటర్ రాసింది. కింద సంతకం ఉత్త పేరే. డాక్టర్ లేదు, ప్రొఫెసర్ లేదు. జవాబు రాయడానికి కూర్చుంటావు. 'మేడం' అని కొడతావు. చెరుపుతావు. పేరు పెట్టి రాస్తావు. చెయ్యి ఒణుకుతుంది. మళ్లీ మేడం అనే పెట్టి పంపేస్తావు. ఆవిడ ఏమీ అనుకోదు. నువ్వే నెల రోజులు అనుకుంటావు.

ఇక్కడ చదువు ఎట్లా నడుస్తుందో మొదటి వారంలోనే ఒంటికి తెలుస్తుంది. లెక్చర్లు ఉంటాయి గానీ అటెండెన్స్ ఎవరూ తీసుకోరు. అసలు పని ట్యుటోరియల్‌లో. ఒక చిన్న గది, ఒక ట్యూటరు, ఇద్దరో ముగ్గురో విద్యార్థులు, ఒక గంట. ఆ గంటకు ముందు ఒక వ్యాసం రాసి పంపాలి. నీ మొదటి సబ్జెక్టుకు ఇట్లాంటి గంటలు ఎనిమిది, రెండోదానికి నాలుగు. ఎనిమిది వారాలకు పన్నెండు వ్యాసాలు. లెక్క వేసుకున్నావుగా? ఇంకోసారి వెయ్యకు.

మొదటి ట్యుటోరియల్. నువ్వు, లీడ్స్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు, ఆవిడ. సోఫా లోతుగా ఉంది, కూర్చుంటే మోకాళ్లు పైకి లేస్తున్నాయి. నీ వ్యాసంలో నలుగురు ఆర్థికవేత్తలు ఉన్నారు. వాళ్లేం చెప్పారో వరసగా, తప్పు లేకుండా రాశావు. ఆవిడ కాగితం పక్కన పెట్టింది.

"బాగుంది. ఇవన్నీ వాళ్ల మాటలు. నువ్వేమంటావు?"

నోరు తెరుస్తావు. ఏమీ రాదు. ఇంటర్ రెండేళ్లు పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా బిట్లు చేసిన బుర్ర అది. నాలుగు ఆప్షన్లు ఇస్తే ఒకటి టిక్కు పెడుతుంది. ఇక్కడ ఆప్షన్లు లేవు. లీడ్స్ కుర్రాడు వ్యాసం సగమే రాశాడు, అయినా అనర్గళంగా వాదిస్తున్నాడు. వాడికి నీకంటే ఎక్కువేమీ తెలియదు. తెలియదని వాడికి భయం లేదు, అంతే తేడా. (ఆ ధైర్యం వాళ్ల బడులు చిన్నప్పటినుంచీ పెంచినది. తెలివని పొరబడకు.)

రెండో వారం కాస్త నయం. మూడో వారానికి ప్రశ్న వచ్చింది: 1943 బెంగాల్ కరువుకు కారణం తిండి లేకపోవడమేనా? కింద చదవాల్సిన పుస్తకాలు, వ్యాసాలు పద్నాలుగు.

గురువారం. రాడ్‌క్లిఫ్ కెమెరా మెట్లెక్కు. గుండ్రటి భవనం, పెద్ద గుమ్మటం, 1749లో పూర్తయింది. ఇది బోడ్లియన్‌లో భాగమే. కార్డు చూపించు. ఈ కార్డు ఇచ్చేముందు నీచేత ఒక ప్రమాణం చేయించారు: పుస్తకాలు పాడు చెయ్యను, లోపలికి నిప్పు తేను, లోపల వెలిగించను. బోడ్లియన్ పుస్తకాల్లో ఎక్కువవి ఇంటికి తీసుకుపోవడం కూడా కుదరదు. 1645లో సాక్షాత్తూ రాజు చార్లెస్ ఒక పుస్తకం అరువడిగితే లేదని పంపించేశారు. నీకెందుకిస్తారు? కుర్చీ లాక్కో. ఇక్కడే చదవాలి.

అమర్త్య సేన్ 'పావర్టీ అండ్ ఫామిన్స్', 1981. సన్నటి పుస్తకం. ఇది అచ్చయ్యేనాటికి ఆయన ఇక్కడి ప్రొఫెసరే, నువ్వు కూర్చున్న చోటికి ఎదురుగా ఉన్న ఆల్ సోల్స్ కాలేజీలో. అంతకుముందు అదే కాలేజీలో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉన్నాడు, 1936 నుంచి 1952 దాకా. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్‌చాన్సలర్ పదవి వదిలి ఇటు వస్తే, వాల్తేరులో ఆ కుర్చీలోకి మళ్లీ వచ్చింది కట్టమంచి రామలింగారెడ్డి. కట్టమంచి చదివింది కేంబ్రిడ్జిలో. 1902లో చిత్తూరు పక్క పల్లె నుంచి వెళ్లి, అక్కడి యూనియన్ డిబేట్లలో దొరలకు దీటుగా మాట్లాడి, ఆ సంఘానికి ఉపాధ్యక్షుడయ్యాడు. ఆయనకు వాట్సాప్ కూడా లేదు. సరే, పేజీ తిప్పు.

అంకెలు వస్తున్నాయి. 1943లో బెంగాల్‌లో ఉన్న తిండిగింజలు అంతకుముందు ఐదేళ్ల సగటు కంటే 5 శాతమే తక్కువ. 1941 కంటే 13 శాతం ఎక్కువ. 1941లో కరువు లేదు. 1943లో లక్షలమంది చచ్చిపోయారు, సేన్ లెక్కలో దాదాపు 30 లక్షలు. ఆ లైను మళ్లీ చదువు. గింజలు ఎక్కువున్న ఏడు జనం ఎట్లా చచ్చిపోతారు?

కలకత్తాలో మణుగు బియ్యం 1942 డిసెంబరులో 13, 14 రూపాయలు. 1943 ఆగస్టుకు 37. యుద్ధం డబ్బు నగరంలోకి వచ్చి పడింది, నగరంవాళ్లు కొనగలిగారు. పల్లెలో కూలీ రేటు అట్లా పెరగలేదు. మంగలి ఉన్నాడు. క్షవరం చేస్తే వచ్చే డబ్బుకు పోయినేడు ఎంత బియ్యం వచ్చేదో, ఈ ఏడు అందులో చిన్న ముక్క వస్తోంది. అసలు క్షవరానికే ఎవరూ రావడం లేదు. చేపలు పట్టేవాడికీ అంతే. నీ దగ్గర ఉన్నదాన్ని ఇస్తే బదులుగా ఎంత తిండి వస్తుంది? సేన్ అడిగేది ఇదే. ఊళ్లో ఎంత తిండి ఉందన్నది ఆ తర్వాతి సంగతి.

నమ్మేశావు. లిస్టులో తర్వాతిది తెరువు. పీటర్ బౌబ్రిక్, 1986, 'ఫుడ్ పాలసీ' పత్రిక. సేన్ అంకెలు తప్పుగా వాడాడంటాడు. తిండి నిజంగానే కరువైందంటాడు. అదే ఏడు అదే పత్రికలో సేన్ జవాబిచ్చాడు. ఇద్దరూ ఒకే ప్రభుత్వ లెక్కల మీద కొట్టుకుంటున్నారు. ఇద్దరికీ కోపం వచ్చింది. నువ్వు ఇద్దరి మధ్య కూర్చున్నావు.

శనివారం రాత్రి, పదకొండు. వ్యాసం రేపు సాయంత్రంకల్లా పంపాలి. పద్నాలుగు వందల పదాలయ్యాయి. సేన్ ఇట్లా అన్నాడు. బౌబ్రిక్ అట్లా అన్నాడు. పైనుంచి కిందకు చదువు. నువ్వెక్కడున్నావు?

లేవు.

కెటిల్ పెట్టు. నీళ్లు మరిగేలోపు ఇంకోసారి చదువు. ఇప్పుడూ లేవు.

పన్నెండు. పక్క గదిలో పాటలు ఆగాయి. కళ్లు మండుతున్నాయి. ఇట్లాగే పంపేద్దామా? తప్పేమీ లేదు ఇందులో. ఆవిడ మళ్లీ అదే అడుగుతుంది. లీడ్స్ వాడు మళ్లీ మాట్లాడతాడు. పంపాలా? ఆగాలా?

ఒంటిగంటన్నర. ఒక్క వాక్యం రాయలేదు.

1:58.

1:59.

ఫోన్ చూడు. 1:00.

గడియారం వెనక్కి పోయింది. చెడిపోలేదు. అక్టోబరు చివరి ఆదివారం తెల్లవారుజామున రెండింటికి ఈ దేశం గంట వెనక్కి తిప్పుకుంటుంది. నీకు ఒక గంట ఊరికే వచ్చింది. మనకూ వీళ్లకూ ఇప్పటిదాకా నాలుగున్నర గంటల తేడా, ఇప్పటినుంచి ఐదున్నర. అంటే తల్లాడలో ఆరున్నర. నాన్న చేనుకు బయల్దేరే వేళ.

చెయ్.

"ఏందిరా, పడుకోలేదా?"

"లేదు నాన్నా. ఒకటి చెప్పు. మార్కెట్లో గొడవైన ఏడు మిర్చి ఎంతకమ్మాం?"

అటు బండి స్టార్టయిన చప్పుడు ఆగింది. ఏ ఏడు అని అడగలేదు. ఖమ్మం జిల్లాలో ఆ ఏడాది ఏదో అడగాల్సిన పని లేదు. 2017. అంతకుముందు ఏడు ధర బాగా పలికిందని అందరూ మిర్చే వేశారు. పంట విరగబడి కాసింది. ధర కూలిపోయింది. ఏప్రిల్ 28న రైతులు ఖమ్మం మార్కెట్ యార్డు ఆఫీసు మీద పడ్డారు. మే నెలలో పదిమందికి బేడీలు వేసి కోర్టుకు తెచ్చారు, ఆ ఫొటో దేశమంతా చూసింది. కేంద్రం క్వింటాకు 5,000 ఇప్పిస్తామంది. నువ్వప్పుడు బడికి పోయే వయసు. గుర్తున్నది ఒకటే: కల్లంలో ఎర్రగా మిర్చి, ఇంట్లో అందరికీ దగ్గు, నాన్న ఎవరితోనూ మాట్లాడకపోవడం.

"జెండా పాట అడుగుతున్నావా," అంటాడు నాన్న, "మనకు పడింది అడుగుతున్నావా?"

ఆగు. ఆ మాట రాసుకో. ఇప్పుడే.

జెండా పాట. పొద్దున్నే యార్డులో ఆరోజు వచ్చిన సరుకులో మేలైన రాశి దగ్గర వ్యాపారులు పాట పాడతారు. అక్కడ పలికిందే ఆరోజు జెండా పాట ధర. పేపర్లో వచ్చేది అదే. టీవీలో చెప్పేది అదే. మిగతా బస్తాలన్నీ దానికంటే కిందికే పోతాయి. తేమ ఉందంటారు. తాలు ఉందంటారు. రంగు లేదంటారు. రికార్డులో మిగిలేది ఒక ధర. రైతు చేతిలో పడేది ఇంకోటి.

సేన్ చెప్పిన ఆ 37 రూపాయలు ఏ ధర? కలకత్తా ధర.

బౌబ్రిక్‌ది ఏ పంట? కాగితం మీది పంట.

పద్నాలుగు వందల పదాలూ సెలెక్ట్ చెయ్. డిలీట్.

రాయి. యార్డు నిండా సరుకుంది. రైతింట్లో డబ్బు లేదు. సరుకు ఎంతుందో చెప్పే లెక్క, ఎవరి చేతికి ఎంతొచ్చిందో చెప్పదు. సేన్ చెప్పింది ఇంతవరకు నిజం. అయితే ఆయన చూపిన కలకత్తా ధర కూడా జెండా పాటే. ఊళ్లో కూలీకి నిజంగా పడిన ధర ఆ పుస్తకంలో ఎక్కడుంది? వెతుకు. పేజీ నంబరు వెయ్. ఇంకో వాక్యం. ఇంకోటి.

ఆదివారం సాయంత్రం ఐదున్నరకు పంపు. బయట అప్పటికే చీకటి.

సోమవారం పదకొండు. అదే సోఫా. ఈసారి ముందుకు జరిగి అంచున కూర్చున్నావు. ఆవిడ నీ కాగితం మీద ఒకచోట పెన్సిల్ పెట్టి ఆగింది.

"ఈ జెండా పాట ఏమిటి?"

చెప్పు. నీ ఇంగ్లీషు తడబడుతోంది, పర్వాలేదు. రాశి చూపించు చేతుల్తో. వేలంపాట ఎట్లా పాడతారో చెప్పు. లీడ్స్ కుర్రాడు నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడు. అది చూసి పొంగిపోకు, ఆవిడ ఇంకా మొదలుపెట్టలేదు.

"మిర్చి తిండి కాదు. ధర పడిపోవడం కరువు కాదు. 2017లో ఖమ్మంలో ఆకలి చావులు లేవు. నీ ఉదాహరణ ఇక్కడ నిలబడుతుందా?"

నిలబడాలి. ఊపిరి తీసుకో.

"క్షవరం కూడా తిండి కాదు," అంటావు. "మంగలి దాన్ని అమ్మి బియ్యం కొనుక్కోవాలి. మిర్చి రైతూ అంతే. 2017లో చావులు ఎందుకు లేవంటే అప్పుడు రేషన్ బియ్యం కిలో రూపాయికి వచ్చేది. మార్కెట్టులో ఓడిపోయినా ఆ దారి మిగిలింది. బెంగాల్ పల్లెల్లో ఆ దారి లేదు. కలకత్తాలో ఉంది, అందుకే నగరంవాళ్లు బతికారు."

చప్పుడు లేదు. ఆవిడ ఏదో రాసుకుంది. తల ఊపింది. గెలిచాననిపిస్తోందా? కిటికీ వైపు చూడకు, ఆవిడ వైపు చూడు. అయిపోలేదు.

"సరే. నీ రైతుకు పొలం ఉంది, బస్తాలు ఉన్నాయి. ధర వచ్చేదాకా దాచుకోవచ్చు."

"కోల్డ్ స్టోరేజీకి అద్దె కట్టాలి..."

"కట్టాలి. అయినా దాచుకోవచ్చు. బెంగాల్‌లో ముందు చచ్చిపోయినవాళ్లు పొలమున్న రైతులు కారు. పొలాల్లో పనిచేసే కూలీలు. ఆ మిర్చి కోసింది ఎవరు?"

నీకు తెలుసు. ఏటా కోతలకు భద్రాచలం అవతలి ఊళ్ల నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి ముఠాలుగా దిగుతారు. పిల్లాజెల్లాతో వచ్చి చేలగట్ల మీద పరదాలు కట్టుకుని కోతలైపోయేదాకా అక్కడే ఉంటారు. ఆ పిల్లలతో నువ్వు ఆడుకున్నావు కూడా. రెండు వేల పదాల వ్యాసంలో వాళ్ల మీద ఒక్క వాక్యం లేదు.

"ధర పడిపోయిన ఏడు వాళ్లకు ఎంత పడింది?" అంటుంది ఆవిడ. "అసలు పడిందా?"

నీకు తెలియదు.

"వచ్చే వారం అదే రాయి." ఒక కాగితం అందించింది. తొమ్మిది పుస్తకాలు. లీడ్స్ కుర్రాడి ప్రశ్న వేరే.

గంట అయిపోయింది. మెట్లు దిగుతున్నావు. గురువారానికి రెండో సబ్జెక్టు వ్యాసం ఉంది, దానికింకా ఒక్క పుస్తకం తెరవలేదు. తొమ్మిది పుస్తకాల్లో మూడు ఎవరో చదువుతూ ఉంటారు, త్వరగా పోతే మిగతావి దొరుకుతాయి. మధ్యాహ్నం పన్నెండు దాటింది. తల్లాడలో సాయంత్రం ఐదున్నర దాటింది. పత్తి తీతకు వచ్చినవాళ్లు మూటలు తూకం వేయించుకునే వేళ. ముందు లైబ్రరీకా, ఫోనుకా?

ఫోను.

"నాన్నా, పోయినేడు మనకు మిర్చి కోతకొచ్చిన ముఠా మేస్త్రీ నంబరు ఉందా?"

"ఉంది. ఎందుకు? వాళ్లకు మనమేం బాకీ లేమే!"

"బాకీ సంగతి కాదు నాన్నా. ఆ గొడవైన ఏడు కూలీ ఎంతొచ్చిందో అడగాలి."

కాసేపు ఏమీ అనడు. వెనక ఎవరో బరువు గట్టిగా చదువుతున్నారు.

"నేనడిగి చెబుతాలే," అంటాడు.

"నువ్వడిగితే నీకు నచ్చిందే చెబుతాడు. నంబరు పంపు, నేనే అడుగుతా."